డిటెక్టర్ కొందామనుకుంటున్నా. బంగారం నిజంగా దొరుకుతుందా, పాత మేకులేనా?

కొత్త_మెల్బోర్న్ రాశారు:

అందరికీ నమస్తే. మెల్బోర్న్ వచ్చి కొన్నాళ్లయింది, ఐటీ ఉద్యోగం, వారాంతాల్లో చేసే పని పెద్దగా ఏమీ లేదు. మా ఆఫీసులో రిటైర్ కాబోతున్న ఒక పెద్దాయన మొన్న జేబులోంచి చిన్న డబ్బీ తీసి మూత తిప్పాడు. లోపల దూది మీద కందిబేడంత బంగారం. బెండిగో అవతల అడవిలో మెటల్ డిటెక్టర్‌తో తీశాడట, "ఎవరైనా తీయొచ్చు" అన్నాడు మామూలుగా. అప్పట్నుంచి రాత్రిళ్లు యూట్యూబ్ తప్ప వేరే పని లేదు.

మా ఆవిడకి చెబితే "ఆ డిటెక్టర్ డబ్బుతో షాపుకెళ్లి బంగారమే కొనొచ్చు కదా" అంది. మాట నిజమే, ఒప్పుకోబుద్ధి కావట్లేదు. చట్టప్రకారం దొరికింది ఉంచుకోవచ్చా? ఎంత పెట్టాలి? పాములుంటాయంటున్నారు, అదెంత నిజం? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

ఐరన్‌బార్క్_మావయ్య రాశారు:

తమ్ముడూ, మీ ఆవిడ చెప్పిందే కరెక్టు. అది పక్కనపెట్టి విషయానికొద్దాం.

మెల్బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ముందు మైనర్స్ రైట్ అనే అనుమతి కార్డు తీసుకోవాలి. ఆన్‌లైన్‌లోనే ఇస్తారు, ముప్పై డాలర్ల చుట్టూ ఉంటుంది, పదేళ్లు చెల్లుతుంది. అది ఉంటే స్టేట్ ఫారెస్టుల్లో, ఇంకా అనుమతి ఉన్న ప్రభుత్వ భూముల్లో వెతుక్కోవచ్చు, దొరికింది నీదే. నేషనల్ పార్కుల్లో చాలావాటిలో కుదరదు కాబట్టి మ్యాపు చూసుకునే కారు దిగు. ఎవరిదైనా పొలమైతే యజమానిని అడగాలి. పార, పికాసు లాంటి చేతి పనిముట్లే వాడాలి, యంత్రాలతో తవ్వకూడదు. తవ్విన ప్రతి గుంతా పూడ్చాలి. ఆదివాసుల రాతి పనిముట్లు, వాళ్ల స్థలాలు, పాత కట్టడాల శిథిలాలు ముట్టుకోకూడదు. ఇవన్నీ కాగితం మీది రూల్సే అనుకోకు, అడిగేవాళ్లు అడవిలో తిరుగుతూనే ఉంటారు.

ఈ కార్డుకో కథ ఉంది. జనం గనుల మీదికి ఎగబడ్డ గోల్డ్ రష్ రోజుల్లో బంగారం దొరికినా దొరక్కపోయినా లైసెన్స్ ఫీజు కట్టాల్సిందే, పోలీసులు వచ్చి గుంతల్లోంచి లాగి మరీ చూసేవాళ్లు. 1854 డిసెంబరులో బల్లారట్‌లో గనికార్మికులు తిరగబడ్డారు, సైన్యం కాల్పులు జరిపింది, యురేకా తిరుగుబాటు అంటారు. మరుసటి ఏడాది ఆ లైసెన్స్ తీసేసి ఏడాదికి ఒక్క పౌండుకి మైనర్స్ రైట్ పెట్టారు, దాంతోపాటు ఓటు హక్కు కూడా వచ్చింది. ముప్పై డాలర్లు కట్టేటప్పుడు సణుక్కోకు.

బల్లారట్, బెండిగో, వెడర్‌బర్న్, ఈ మూడింటి మధ్య ప్రాంతాన్ని గోల్డెన్ ట్రయాంగిల్ అంటాం. మేరీబరో, డనోలీ, టార్నగుల్లా, మొలియాగుల్ అన్నీ అందులోనే. పెద్ద ముద్దలు ఇంత పైపైన దొరికిన చోట్లు ప్రపంచంలోనే తక్కువ. 1869 ఫిబ్రవరిలో మొలియాగుల్ దగ్గర డీసన్, ఓట్స్ అనే ఇద్దరికి చెట్టు వేళ్ల దగ్గర, నేలకి రెండు మూడు సెంటీమీటర్ల కింద 'వెల్‌కమ్ స్ట్రేంజర్' దొరికింది. శుద్ధి చేశాక 70 కిలోల పైచిలుకు బంగారం. డనోలీ బ్యాంకులో దాన్ని తూచే త్రాసు లేక కమ్మరి దాగలి మీద పెట్టి ముక్కలు కొట్టారు. డిటెక్టర్లు అక్కర్లేని కాలం అది.

పికాసు_పిన్ని రాశారు:

మావయ్యగారు చరిత్ర చెప్పారు, నేను సంసారం చెబుతా.

బంగారం వెతకడానికి వెళ్లేటప్పుడు ఒంటి మీది బంగారం తీసి ఇంట్లో పెట్టి వెళ్లాలి. గాజులున్న చేత్తో మట్టి పట్టుకుని కాయిల్ (డిటెక్టర్ కింది గుండ్రటి పళ్లెం) మీద తిప్పితే గాజులే మోగుతాయి. మెట్టెలున్న కాలు కాయిల్ దగ్గరికొస్తే అదీ మోగుతుంది. మంగళసూత్రం సంగతి చెప్పక్కర్లేదు, గుంత మీదికి వంగానా, కీక! తాళి తీసి అడవికి పోవడమేంటని మా అత్తగారు ఇండియా నుంచి ఫోన్లో ఒకటే గొడవ. చివరికి ఆవిడే దారి చూపించారు: పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని వెళ్తున్నా. మెషిన్ నోరు మూసుకుంది, అత్తగారూ శాంతించారు.

మగవాళ్లకి ఈ బాధ లేదనుకోకండి. మా గుంపులో ఒక తమ్ముడున్నాడు, పేరు చెప్పను, ఈ థ్రెడ్ చదువుతూనే ఉంటాడు. నిలబడి ఊపితే సైలెంట్, మోకాళ్ల మీద కూర్చుని గుంతలో వెతికితే గట్టి సిగ్నల్. గుంత మోకాలి లోతు అయింది, సిగ్నల్ తగ్గదు. పెద్ద ముద్దే తగిలిందని చుట్టూ చేరి మేమూ సాయం పట్టాం. చొక్కా పైకి లేచినప్పుడు కనపడింది, వెండి మొలతాడు. లోపల తాయెత్తు రేకు కూడా ఉందట.

సీసం_శాస్త్రి రాశారు:

పిన్నిగారూ, ఆ తమ్ముణ్ణి వదిలేయండి పాపం 😀

కొత్త బ్రో, అసలు ఏం జరుగుతుందో చెబుతా, ఆ వీడియోల్లో ఇది కత్తిరించేస్తారు. నువ్వు కాయిల్‌ని నేలకి ఆనీ ఆనకుండా మెల్లగా ఊపుతూ పోతుంటావు. నేల నిండా ఇనుపరాయి, ఎర్రమట్టి, చెవుల్లో సన్నటి గుయ్ మనే శబ్దం ఆగదు. దాని మధ్యలో ఒకచోట ఆ గుయ్ కొంచెం ఒంగుతుంది, పక్కగదిలో పసిపిల్లాడు నిద్రలో మూలిగినట్టు. మళ్లీ ఊపుతావు, ఉంది. అడ్డంగా ఊపుతావు, ఉంది. కాలితో ఆకులు తోసి మళ్లీ చూస్తే ఇంకొంచెం గట్టిగా. పికాసుతో నాలుగు వేళ్ల లోతు గీకుతావు. గుంతలో శబ్దం లేదు! అంటే తీసిన మట్టిలోకి వచ్చేసింది. ప్లాస్టిక్ స్కూపుతో సగం మట్టి ఎత్తి కాయిల్ మీద ఆడిస్తావు, మోగితే అందులో ఉంది, లేదంటే మిగతా సగంలో. ఆ సగంలో సగం పారబోస్తావు, మళ్లీ ఆడిస్తావు. అలా సగం సగం చేసుకుంటూ చివరికి చిటికెడు మట్టి మిగులుతుంది, అరచేతిలో నలుపుతావు, బరువుగా ఏదో తగులుతుంది, గుండె దడదడ. ఉమ్మి పెట్టి రుద్దుతావు.

బూడిద రంగు. తుపాకీ గుండు సీసం.

సీసానికీ బంగారానికీ డిటెక్టర్ దగ్గర తేడా దాదాపు ఉండదు. నూట యాభై ఏళ్లకు పైగా ఈ అడవుల్లో కుందేళ్ల మీద కాల్చిన ప్రతి గుండూ మన కోసం ఎదురుచూస్తోంది. తర్వాతి వరుసలో గనికార్మికుల బూట్ల అడుగున కొట్టిన చిన్న మేకులు, డబ్బా మూతలు, గడ్డి కోసే యంత్రం కింద పడి తునకలైన బీరు క్యాన్లు. మా గ్యారేజీలో ఒక ఐస్‌క్రీమ్ డబ్బా నిండా సీసం ఉంది, బంగారం ఇంకా చిన్న గాజు సీసా అడుగున తిరుగుతోంది.

కొత్త_మెల్బోర్న్ రాశారు:

శాస్త్రిగారూ, మరి డిస్క్రిమినేషన్ అని ఉంటుంది కదా? ఇనుము వస్తే మోగకుండా చేసుకోవచ్చని చదివా. అది పెట్టుకుంటే సగం శ్రమ తగ్గదా?

బెండిగో_భీముడు రాశారు:

తగ్గుతుంది, తప్పకుండా పెట్టుకో. ఈ పెద్దవాళ్లంతా పది వేల డాలర్ల మెషిన్ లేకపోతే దండగ అని భయపెడతారు. 2023లో వార్త చూడలేదా, గోల్డెన్ ట్రయాంగిల్‌లోనే ఒకాయనకి 4.6 కిలోల రాయి దొరికింది, లోపల 2.6 కిలోల బంగారం, దాదాపు రెండు లక్షల నలభై వేల డాలర్ల విలువ. ఆయన వాడింది మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800, పన్నెండు వందల డాలర్ల మెషిన్. నాణేలకీ బీచ్‌కీ కొనుక్కునేది. నేనూ అదే వాడతా.

సీసం_శాస్త్రి రాశారు:

భీముడూ, ఆ రాయిలో ఉన్నది రెండున్నర కిలోల బంగారం. దాన్ని ఏ డిటెక్టరైనా పట్టుకుంటుంది. లాటరీ తగిలినవాడు ఏ షాపులో టికెట్ కొన్నాడో కనుక్కుంటే మనకీ తగులుతుందా?

కొత్త బ్రో, రెండు రకాల మెషిన్లు. వీఎల్‌ఎఫ్ అనేది ఒకటి, తేలిక, చవక, ఏ లోహమో కొంతవరకు చెబుతుంది. కానీ విక్టోరియా నేలలో ఇనుము ఖనిజం ఎక్కువ, అది ఆ నేలకే అరుస్తూ కూర్చుంటుంది, లోతు పడిపోతుంది. రెండోది పల్స్ ఇండక్షన్. కాయిల్‌లోకి కరెంటు దెబ్బ కొట్టి ఆపేసి, తర్వాత వచ్చే స్పందన ఎంత వేగంగా తగ్గుతుందో వింటుంది. నేల గోలని బాగా పక్కన పెడుతుంది, లోతుగా వింటుంది, కానీ అది ఇనుమో బంగారమో దానికి సరిగా తెలియదు. ఇక్కడి మైన్‌ల్యాబ్ కంపెనీ అడిలైడ్‌లో 1985లో మొదలైంది, వాళ్ల పల్స్ మెషిన్లు వచ్చాకే ఖాళీ అయిపోయిందనుకున్న గోల్డ్‌ఫీల్డ్స్‌లో మళ్లీ బంగారం పడింది.

డిస్క్రిమినేషన్ దగ్గరే నా పేచీ. ఇనుపరాయి మట్టిలో ఉన్న చిన్న బంగారం పలుకు తరచూ ఇనుములాగే పలుకుతుంది. నువ్వు ఇనుము వద్దని నొక్కావంటే దాన్ని కూడా వద్దన్నట్టే. మోగిందల్లా తవ్వు, అంతే. ఓపిక లేకపోతే ఈ హాబీ వద్దు.

బెండిగో_భీముడు రాశారు:

మోగిందల్లా తవ్వితే సాయంత్రానికి నడుము ఉండదు స్వామీ. పాత గుడిసెల చోట గజానికో మేకు ఉంటుంది. అక్కడ డిస్క్రిమినేషన్ లేకుండా ఎవడు తిరుగుతాడు? చెత్త ఎక్కువున్న చోట పెట్టుకో, శుభ్రంగా ఉన్న చోట తీసెయ్. అంతకు మించి సిద్ధాంతం అక్కర్లేదు.

ఐరన్‌బార్క్_మావయ్య రాశారు:

ఈసారికి భీముడి వైపే నేను. గుడిసెల చోట పల్స్ మెషిన్ పట్టుకుని పోయేవాణ్ణి చూస్తే జాలేస్తుంది.

మీ ఇద్దరూ వదిలేసింది ఒకటుంది. మెషిన్ కంటే నడక ముఖ్యం. కొత్తవాళ్లు పొలం గట్టు మీద పోతున్నట్టు చకచకా నడుస్తారు, కాయిల్ చివరలు గాల్లోకి లేస్తాయి. మనకంటే ముందు ఆ చోట వందమంది తిరిగారు, వాళ్లు వదిలేసింది చిన్నదో లోతైనదో. పాతవాళ్లు తవ్విన గుంతల పక్కన కుప్పలుంటాయి చూడు, ఆ కుప్పల అంచులు, పల్లపు చోట్లు, తెల్లరాయి ముక్కలు చెల్లాచెదురుగా ఉన్న వాలు, వీటిని మెల్లగా చూడు. టెన్నిస్ కోర్టంత చోటు తీసుకుని ఒక పూటంతా దాన్నే దువ్వు.

1980లో కింగోవర్ దగ్గర దొరికిన 'హ్యాండ్ ఆఫ్ ఫెయిత్' 27 కిలోలు, డిటెక్టర్‌తో దొరికినవాటిలో అంత పెద్దది ఇంకోటి లేదు. దాన్ని తర్వాత లాస్ వెగాస్‌లో ఒక క్యాసినో మిలియన్ డాలర్ల పైనే పెట్టి కొంది. అది ఉన్నది అడుగు లోతులోనే. ఎంతమంది దాని మీద నుంచి నడిచిపోయారో ఊహించుకో.

జీలాంగ్_నర్సు రాశారు:

మా ఆయన మీ బాపతే, అందుకే ఇక్కడికొచ్చి చదువుతుంటా. పాముల గురించి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెబుతా.

ఈస్టర్న్ బ్రౌన్, టైగర్ స్నేక్ రెండూ ఆ అడవుల్లో ఉంటాయి, సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా బాగా తిరుగుతాయి. మామూలుగా మనిషి అడుగుల చప్పుడుకి తప్పుకుంటాయి. కానీ మీరేం చేస్తారు? మెల్లగా నడుస్తారు, రెండు చెవులకీ హెడ్‌ఫోన్స్, చూపు నేల మీద ఒకే అడుగు చోటులో. ఒక చెవి వదిలిపెట్టండి బాబూ. మోకాలి దాకా గెయిటర్లు (కాళ్లకి చుట్టుకునే మందపాటి తొడుగులు) వేసుకోండి, పడిన దుంగ అవతల ఏముందో చూడకుండా కాలు వేయకండి.

కాటు పడితే కడగకూడదు, కోయకూడదు, పీల్చకూడదు, తాడు బిగించి కట్టకూడదు. మన ఊళ్లో పసరు మందు కథలు ఇక్కడ వద్దు. వెడల్పాటి ఎలాస్టిక్ బ్యాండేజీ కాటు మీద నుంచి మొదలుపెట్టి చెయ్యో కాలో మొత్తం గట్టిగా చుట్టాలి, కర్ర కట్టి కదలకుండా ఉంచాలి. మనిషి నడవకూడదు, కారు దాకా కూడా. ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 000కి ఫోన్ చెయ్యాలి. కడగొద్దని ఎందుకంటే చర్మం మీద మిగిలిన విషంతో ఆస్పత్రిలో పరీక్ష చేయొచ్చు. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి, బ్రౌన్ స్నేక్ కాటు ఒక్కోసారి చిన్న గీతలాగే కనిపిస్తుంది.

అసలు పాముల కంటే జాక్ జంపర్ చీమలు కుట్టి ఎలర్జీతో కుప్పకూలేవాళ్లని తలచుకుంటే నాకు ఎక్కువ భయం. ఇంతకుముందు తేనెటీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చినవాళ్లు డాక్టరుతో మాట్లాడాకే వెళ్లండి.

ఇంకోటి. రాయి దంచే పాత యంత్రాల దగ్గర, గనుల ఇసుక కుప్పల మీద ఆర్సెనిక్ అనే విషం ఉంటుంది, బెండిగో బల్లారట్ ప్రాంతాల్లో మరీ. ఆసీ వాళ్లు శాండ్‌విచ్ కాగితంతో పట్టుకుని తింటారు, మనం అదే చేత్తో పులిహోర కలుపుకుంటాం. నీళ్ల క్యాను, సబ్బు తీసుకెళ్లండి. మా ఆయనకి ఇది చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది.

పికాసు_పిన్ని రాశారు:

నర్సుగారికి దండం. నేను చెప్పాలనుకున్నది షాఫ్టుల గురించి, అంటే పాత గనిగోతులు. పాము కనిపిస్తే అందరూ పరుగెత్తుతారు, గనిగొయ్యి కనిపిస్తే అందరూ దగ్గరికెళ్లి తొంగి చూస్తారు! ఆ అడవుల్లో 1850ల నాటి గోతులు వందలకొద్దీ, కొన్ని బావుల్లా నిట్టనిలువు. కొన్నిటి చుట్టూ కంచె లేదు, కొన్నిటి మీద కుళ్లిన దుంగలు, వాటి మీద ఆకులు, చూస్తే మామూలు నేల. అంచు మట్టి లోపల్నుంచి జారిపోయి ఉంటుంది, పైన గడ్డి మాత్రం ఉంటుంది. ఫోటో కోసం వెనక్కి వెనక్కి నడవొద్దు. కాయిల్ ఊపుతూ వెనక్కి జరగొద్దు. పిల్లల్ని తీసుకెళ్తే చెయ్యి వదలొద్దు, నేనైతే తీసుకెళ్లను. లోపల పడ్డ వస్తువు కోసం దిగడం అనే మాటే వద్దు, అడుగున గాలి ఉండదు.

మా గుంపులో ఒకాయన కొత్త పికాసు గోతిలో పడింది. ఆయన భార్య అక్కడే నిలబడి "దిగితే నేను కారు తీసుకుని వెళ్లిపోతా, మెల్బోర్న్ దాకా నడిచిరండి" అంది. నాలుగు నిమిషాలు ఆలోచించి కారెక్కాడు. అంత తెలివైన భార్య అందరికీ ఉండదు.

తుగ్గలి_సామి రాశారు:

అన్నలూ అక్కలూ, నేను ఉండేది దుబాయ్, సొంతూరు కర్నూలు జిల్లా తుగ్గలి పక్కన. మా దగ్గర తొలకరి పడిందంటే చేలల్లో జనం, వజ్రాల కోసం. జొన్నగిరి, పగిడిరాయి, ఎక్కడెక్కడి నుంచో చద్దిమూట కట్టుకుని వచ్చి వంగి నేల చూసుకుంటా తిరుగుతారు. ఒక డిటెక్టర్ కొని సెలవుల్లో తీసుకుపోతే ఊళ్లో రాజా లాగా ఉండొచ్చు కదా అని ఆలోచన. మా మామ అయితే "రామగిరి బంగారు గనుల పక్కన కూడా తిప్పుదాం, ఎందుకైనా మంచిది పాత కోట దగ్గర కూడా ఒక చుట్టు వేద్దాం" అంటున్నాడు.

ఐరన్‌బార్క్_మావయ్య రాశారు:

సామీ, మూడింటికీ మూడు జవాబులు.

వజ్రం లోహం కాదు. డిటెక్టర్‌కి అది వినపడదు. చేనులో పాత నాగలి మేకులు మాత్రం బోలెడు దొరుకుతాయి.

రామగిరి, జొన్నగిరి, అటు కోలార్, హట్టి, ఈ గనుల బంగారం చాలావరకు తెల్లరాయి పొరల్లో కంటికి ఆననంత సన్నగా ఉంటుంది. టన్ను రాయి దంచితే గ్రాముల్లో వస్తుంది. డిటెక్టర్‌కి కావలసింది ముద్ద, దుమ్ము కాదు. పైగా ఇక్కడిలాగా వారాంతంలో సరదాగా బంగారం వెతుక్కోవడానికి కార్డు ఇచ్చే పద్ధతి మన దేశంలో లేదు.

మూడోది, మీ మామని అర్జెంటుగా ఆపు. పాత కోటలు, గుళ్ల దగ్గర డిటెక్టర్ పట్టుకుని కనపడితే గుప్త నిధుల ముఠా అని పట్టుకుపోతారు, పేపర్లో ఫోటో పడుతుంది. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉంది, భూమిలో దాచిన పది రూపాయలకు మించిన విలువైన వస్తువు దొరికితే కలెక్టరుకి చెప్పాలి. పది రూపాయలు! ఆ చట్టం చేసినవాళ్లకి ఇప్పటి టీ ధర తెలియదు.

తుగ్గలి_సామి రాశారు:

మామకి ఈ పోస్టు చదివి వినిపించినా. "లంకె బిందెలైతే మోగుతాయా" అని అడుగుతున్నాడు.

సీసం_శాస్త్రి రాశారు:

రాగి బిందె మోగుతుంది సామీ, దానికి ముందు ఊళ్లో వాళ్ల బోరు పైపులన్నీ మోగుతాయి. ఇంకో మాట మీ మామకి చెప్పు. కిలోమీటరు దూరం నుంచే నిధి ఎక్కడుందో చూపిస్తామని, రెండు ఇత్తడి కడ్డీలున్న 'లాంగ్ రేంజ్ లొకేటర్లు' లక్షలకి అమ్ముతారు. పని చేసే డిటెక్టర్‌కి చిన్న పలుకు కొన్ని అంగుళాల లోతులో వినపడటమే గొప్ప. కిలోమీటరు అన్నాడంటే వాడు తవ్వేది మీ మామ జేబునే.

సాక్రమెంటో_శీను రాశారు:

కాలిఫోర్నియా నుంచి ఒక చెయ్యి. మాకు పాములు ర్యాటిల్‌స్నేక్స్, కనీసం అవి గిలక్కాయ ఊపి చెబుతాయి. ఇక్కడ అసలు టెన్షన్ వేరు: క్లెయిములు, అంటే ఆ చోట తవ్వుకునే హక్కులు. సియెరా కొండల్లో ఖాళీగా కనిపించే వాగు మీద ఎవరిదో మైనింగ్ క్లెయిమ్ ఉండొచ్చు, అందులో మనం ఒక పలుకు తీసినా దొంగతనం కిందే లెక్క, ఓనరు తుపాకీతో వచ్చి మర్యాదగా మాట్లాడతాడు. రికార్డులు చూసుకోకుండా దిగొద్దు. 1849 గోల్డ్ రష్ తర్వాత బంగారం పట్టడానికి వాడిన పాదరసం ఇప్పటికీ మా వాగుల అడుగున పూసలు పూసలుగా దొరుకుతుంది. వెండిలా మెరిసే బంగారం దొరికిందని ఇంటికి తెచ్చి స్టవ్ మీద కాల్చకండి, ఆ ఆవిరి విషం. వాగు అడుగు పీల్చే మోటారు డ్రెడ్జింగ్‌ని కూడా ఇక్కడ 2009లో ఆపేశారు.

విక్టోరియాలో ముప్పై డాలర్ల కార్డుతో పదేళ్లు తిరగొచ్చంటే కుళ్లుగా ఉంది.

బెండిగో_భీముడు రాశారు:

దొరికిన రాయిని కాల్చడం అంటే గుర్తొచ్చింది, మేరీబరో రాయి కథ తెలియనివాళ్లకి. 2015లో మేరీబరో పార్కులో ఒకాయనకి డిటెక్టర్‌తో పసుపు మట్టిలో ఎర్రటి రాయి దొరికింది, 17 కిలోలు. ఇంత బరువుందంటే లోపల బంగారమే అనుకున్నాడు. రంపం పెట్టాడు, గ్రైండర్ పెట్టాడు, డ్రిల్లు పెట్టాడు, ఆసిడ్‌లో ముంచాడు, సమ్మెటతో బాదాడు. చిన్న బీట కూడా రాలేదు. ఏళ్ల తర్వాత మెల్బోర్న్ మ్యూజియానికి పట్టుకెళ్తే అది ఉల్క, 460 కోట్ల ఏళ్ల నాటిది. భూమి మీద మన హాబీ మొదలవకముందే తయారైన సరుకు.

కాబట్టి కొత్త బ్రో, పగలనిది దొరికితే ముందు మ్యూజియం. పసుపు రంగు మెరుపు దొరికితే సుత్తితో చిన్న దెబ్బ వెయ్యి: పొడి అయితే పైరైట్ (బంగారంలా మెరిసే రాయి), సాగితే బంగారం. సీసమా అనే అనుమానం వస్తే కత్తి మొనతో గీకు, లోపల బూడిద రంగు.

నిర్వాహకుడు రాశారు:

ఒక విన్నపం. ఈ థ్రెడ్‌లో ఎవరూ ఎక్కడ దొరికిందో జీపీఎస్ గుర్తులు పెట్టొద్దు, అడగొద్దు. పోయినసారి ఒక సభ్యుడు ఫోటో పెడితే వెనకున్న చెట్టు ఆకారం చూసి వారంలో పదిమంది అక్కడికెళ్లి గుంతలు పూడ్చకుండా వదిలేశారు. అలా చేస్తే అందరికీ అనుమతి పోతుంది.

కొత్త_మెల్బోర్న్ రాశారు:

అందరికీ చాలా థ్యాంక్స్. మైనర్స్ రైట్ తీసేసుకున్నా. మా ఆవిడ ఈ థ్రెడ్ మొత్తం చదివి, షాఫ్టు దగ్గర కారు తీసుకెళ్లిపోతానన్న ఆవిడ నంబరు కావాలంటోంది.

సెకండ్ హ్యాండ్ పల్స్ మెషిన్ ఒకటి నెట్‌లో సగం ధరకి కనపడింది, అమ్మేవాడు డబ్బు ముందే పంపమంటున్నాడు. తీసుకోవచ్చా?

పికాసు_పిన్ని రాశారు:

వద్దు! నకిలీ మైన్‌ల్యాబ్‌లు బయట బాగా తిరుగుతున్నాయి, పెట్టె, స్టిక్కరు, సీరియల్ నంబరు అన్నీ అచ్చు దించుతారు. నీ చేతికిచ్చి, నీ కళ్ల ముందు నేల మీద ఊపనివ్వని మెషిన్‌కి డబ్బు కట్టకు. ముందు ఒక రోజు అద్దెకి తీసుకో, గోల్డ్‌ఫీల్డ్స్ ఊళ్లలో షాపులవాళ్లు ఇస్తారు. నడుము ఒప్పుకుంటుందో లేదో అప్పుడే తెలుస్తుంది. కొన్నాక ఆరునెలలకి అమ్మకానికి పెట్టేవాళ్లే ఎక్కువ, ఓపిక పడితే మంచి మెషిన్ మనిషి దగ్గరే దొరుకుతుంది.

సీసం_శాస్త్రి రాశారు:

స్టీల్ టో బూట్లు మాత్రం కొనకు, ప్రతి అడుగుకీ మోగుతాయి. లోహం లేని కాంపోజిట్ టో అడుగు.

ఐరన్‌బార్క్_మావయ్య రాశారు:

తమ్ముడూ, వచ్చే శనివారం మేము ముగ్గురం డనోలీ వైపు వెళ్తున్నాం, వస్తే నా పాత మెషిన్ నీ చేతికిస్తా. పొద్దున ఏడింటికల్లా ఊళ్లో బ్రాడ్‌వే వీధిలో ఉండు. నలభై డిగ్రీలని చెబితే మానేద్దాం. టోటల్ ఫైర్ బ్యాన్ పెడితే స్టవ్ వెలిగించే పని లేదు, టీ ఫ్లాస్కులో తెచ్చుకో. కారుని ఎండుగడ్డి మీద ఆపకు, కింద సైలెన్సర్ వేడికి అంటుకుంటుంది. మనిషికి ఐదారు లీటర్ల నీళ్లు, వెడల్పు బ్యాండేజీలు రెండు. ఎమర్జెన్సీ ప్లస్ అనే యాప్ వేసుకో, 000కి ఫోన్ చేస్తే ఎక్కడున్నామో చెప్పడానికి పనికొస్తుంది. లోయల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి నా దగ్గర లొకేటర్ బీకన్ (శాటిలైట్ ద్వారా సాయం పిలిచే పరికరం) ఉంటుంది, నాకు కనపడనంత దూరం వెళ్లకు. మైనర్స్ రైట్ కాగితం మీద ప్రింట్ తీసి పర్సులో పెట్టుకో. ఫోన్‌లో ఉందిలే అంటావు, కానీ డిటెక్టర్ పక్కన ఫోన్ ఆఫ్ చేసి బ్యాగులో పెట్టాల్సిందే, అధికారి వచ్చి అడిగినప్పుడు అది ఆన్ అయ్యేదాకా ఆయన ఎండలో నిలబడాలి.